అమ్మ వేషాల నుంచి మెగాఫోన్ దాకా: నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

వైజాగ్ వచ్చినప్పుడల్లా పూర్ణా మార్కెట్లో కూరగాయలు ఏరుకుంటుంటే ఎవరో ఒకరు పక్కన ఆగుతారు. "మీరు ఆ సీరియల్లో అమ్మ కదండీ?" అంటారు. అవునన్నానో లేదో ప్రశ్నలు మొదలవుతాయి. నేను డైరెక్షన్‌లోకి వచ్చాక అవి రెట్టింపయ్యాయి. సంచీ చేత్తో పట్టుకుని నిలబడి చెప్పే జవాబులతో నాకెప్పుడూ తృప్తి ఉండదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాశాను. సీరియళ్ళ పేర్లు, కంపెనీల పేర్లు రాయలేదు. వాటితో ఇంకా చాలామంది జీవితాలు ముడిపడి ఉన్నాయి, వాళ్ళ సంగతులు చెప్పే హక్కు నాకు లేదు.

మీది వైజాగేనా అండీ? నటన ఎక్కడ మొదలుపెట్టారు?

పక్కా వన్ టౌన్. 1974లో పుట్టాను. నాన్న పోర్టులో గుమాస్తా. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గుడికి నడిచి వెళ్ళేంత దూరంలో మా ఇల్లు. మార్గశిర మాసం వచ్చిందంటే గురువారాలు మా వీధంతా జనమే. అలాంటి ఒక మార్గశిరంలో వీధిలో వేసిన చిన్న నాటకంలో తొమ్మిదేళ్ళప్పుడు మొదటిసారి వేషం కట్టాను. పెద్ద గుర్తేమీ లేదు, ముఖానికి రాసిన రంగు దురద తప్ప.

అసలు చదువు రేడియోలో జరిగింది. డిగ్రీ చదువుతుండగా సిరిపురంలోని ఆకాశవాణికి ఆడిషన్‌కి వెళ్ళాను. 'బి' గ్రేడ్ డ్రామా ఆర్టిస్టుగా తీసుకున్నారు. రేడియో నాటకంలో ముఖం పనికిరాదు, చీర పనికిరాదు. మైకు ముందు నలుగురం నిలబడేవాళ్ళం. అవతలివాళ్ళు మాట్లాడుతుంటే కాగితం చప్పుడు కాకుండా, ఊపిరి గట్టిగా వినపడకుండా నిలబడాలి. వాళ్ళ మాట ఏ స్థాయిలో ఆగిందో మన మాట అక్కడ అందుకోవాలి. ఒకసారి మా ప్రొడ్యూసరు గారు రికార్డింగ్ ఆపి, "నువ్వు నీ డైలాగు కోసం ఎదురుచూస్తున్నావమ్మా, ఆవిడ చెప్పేది వినడం లేదు" అన్నారు. ఆ ఒక్క మాట మీదే ఇన్నేళ్ళూ నా బండి నడిచింది. కింద చదివే సగం జవాబుల్లో మీకు అదే కనిపిస్తుంది.

మరి టీవీలోకి ఎలా వెళ్ళారు?

హైదరాబాద్ దూరదర్శన్ 1977లో మొదలైంది. చాలా ఏళ్ళు తెలుగు టీవీ అంటే అదొక్కటే. 1995లో జెమినీ, ఈటీవీ వచ్చాయి. ఆ తర్వాత కొన్నేళ్ళకే రోజూ వచ్చే సీరియళ్ళు ఇంటింటి అలవాటయ్యాయి. సినిమా రెండున్నర గంటల్లో అయిపోతుంది. సీరియల్ ఇంట్లో మాత్రం అమ్మ, అత్త, పిన్ని, మేనత్త, పక్కింటావిడ ఏళ్ళ తరబడి ఉండాలి. అంటే వేషాలు ఉన్నాయి, వేసేవాళ్ళు కావాలి.

మా నాటక సమాజంలో ఒక పెద్దాయన అప్పటికే హైదరాబాద్‌లో స్థిరపడ్డారు. ఆయన కబురు పెడితే 2003లో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. నాకు ఇరవై తొమ్మిదేళ్ళు. మొదటి వేషం ఆసుపత్రి నర్సు. ఒకే డైలాగు: "పేషెంటు కళ్ళు తెరిచారండీ." మూడో వేషానికే అమ్మనైపోయాను.

ఇరవై తొమ్మిదేళ్ళకే అమ్మ వేషమా! బాధ కలగలేదా?

కలిగింది. నా కొడుకుగా వేసిన అబ్బాయి నాకంటే రెండేళ్ళే చిన్న. మేకప్ రూములో చెంపల దగ్గర తెల్లరంగు రాస్తుంటే అద్దంలో చూసుకోలేక తల దించుకున్నాను. ఆ అబ్బాయి వచ్చి "అమ్మా, ఆశీర్వదించండి" అని నిజంగానే కాళ్ళకి దండం పెట్టాడు. షాట్ కోసం కాదు, అతని మొదటిరోజు అది. చెయ్యి దానంతటదే అతని తల మీదికి వెళ్ళింది. ఆ చేతికి వయసెంతో నాకు తెలియలేదు. ఆ రోజు తర్వాత అమ్మ వేషమని బాధపడలేదు. కానీ అదే ఏడుపు, అదే పళ్ళెం పట్టుకుని నిలబడడం రాసినప్పుడు మాత్రం ఇప్పటికీ కోపం వస్తుంది.

క్యారెక్టర్ ఆర్టిస్టుకి పనేముంటుంది? వెనకాల నిలబడడమే కదా!

ఈ ప్రశ్న ఎక్కువగా కుర్రాళ్ళు అడుగుతారు. కొంచెం వివరంగా చెప్తాను.

పొద్దున్న తొమ్మిదికి కాల్షీట్ అంటే ఏడున్నరకి బయల్దేరాలి. చేతిలో పెద్ద సూట్‌కేసు. క్యారెక్టర్ ఆర్టిస్టుల బట్టలు చాలావరకు సొంతవే. చీర, దానికి సరిపడ్డ జాకెట్టు, గాజులు, నల్లపూసలు అన్నీ మనమే తెచ్చుకోవాలి. ఒక సీను ఈ రోజు సగం తీసి మిగతా సగం పదిరోజుల తర్వాత తీస్తారు. అప్పుడు మళ్ళీ అదే చీర, అదే కొంగు, అదే బొట్టు ఉండాలి. దాన్ని కంటిన్యుటీ అంటాం. నేను ప్రతి చీరకీ ఒక చీటీ కుట్టుకునేదాన్ని, ఏ సీనుకి కట్టానో రాసి. ఆకుపచ్చ గద్వాల్ చీర ఒకటి నాలుగేళ్ళ పాటు పెళ్ళిచూపుల సీన్లన్నిటికీ వెళ్ళింది.

డైలాగులు బట్టీపట్టే తీరిక ఉండదు. సీను కాగితం చాలాసార్లు అప్పుడే చేతికొస్తుంది. కెమెరా పక్కన నిలబడి అసిస్టెంటు ఒక్కో ముక్క చదువుతూ ఉంటారు, మనం అందుకుని చెప్పాలి. ప్రాంప్టింగ్ అది. హీరోయిన్లలో చాలామంది కర్ణాటక నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళకి మాట మాట అందించాలి, తర్వాత వేరేవాళ్ళు డబ్బింగ్ చెప్తారు. అలా ముక్కలు ముక్కలుగా వచ్చే మాటల మధ్య ఎదురుగా నిలబడి నిజంగా విన్నట్టు, నిజంగా గుండె కలుక్కుమన్నట్టు ఉండాలి. రియాక్షన్ షాట్ అంటే అదే. హీరోయిన్ ఒక మాట అంటుంది. కెమెరా వరసగా అత్త ముఖం, ఆడపడుచు ముఖం, అమ్మ ముఖం చూపిస్తుంది. ఆ మాట ఎంత పెద్దదో చూసేవాళ్ళకి తెలిసేది ఈ ముఖాల్ని బట్టే. కథ చెప్పేది లీడ్ అయితే, ఆ కథని నమ్మించేది పక్కన నిలబడినవాళ్ళు.

ఇంకో లాభం ఉంది. రోజంతా ఫ్రేము అంచున నిలబడినవాళ్ళకి సెట్ మొత్తం కనిపిస్తుంది. లైట్ ఎక్కడ పెడుతున్నారు, ట్రాలీ ఎందుకు వేస్తున్నారు, కెమెరామన్ ఎందుకు విసుక్కున్నారు, అన్నీ. పదేళ్ళు అలా చూశాను నేను.

ఇల్లు, పిల్లలు? మీవారు ఒప్పుకున్నారా?

మావారు స్టీల్ ప్లాంటులో చేస్తారు. ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం అనే మాట మా ఇంట్లో రాలేదు. కానీ మా అమ్మాయిని ఆరేళ్ళ వయసు నుంచి పెంచింది మా అత్తగారు. నెలలో పదిహేను, పద్దెనిమిది రోజులు హైదరాబాద్‌లో, మిగతావి ఇక్కడ. రాత్రి రైలెక్కడం, పొద్దున్న దిగి నేరుగా షూటింగుకి వెళ్ళడం. మా అమ్మాయి మొదటి ర్యాంకు కార్డు మీద సంతకం మా అత్తగారిదే. మంచి భార్య, మంచి తల్లిగా తెర మీద ఎన్ని ఎపిసోడ్లు చేశానో, ఇంట్లో అన్ని రోజులు లేను. దీన్ని నేను అందంగా చెప్పలేను.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను వైజాగ్ మీద పడిన రోజు. నేను హైదరాబాద్‌లో ఉన్నాను. పొద్దున్న ఒకసారి మావారు మాట్లాడారు. "కిటికీ అద్దం పగిలింది, మేం లోపలి గదిలో ఉన్నాం" అన్నారు. తర్వాత ఫోన్లు మూగబోయాయి. మర్నాడు నాకు పసుపు ఫంక్షన్ సీను. పెళ్ళికూతురి తల్లిని నేను. నవ్వుతూ పాటకి చప్పట్లు కొట్టాలి. డైరెక్టర్ గారికి చెప్తే "వెళ్ళిపొండమ్మా" అన్నారు. వెళ్దామంటే రైళ్ళు లేవు. నవ్వాను, చప్పట్లు కొట్టాను. మూడోరోజు సాయంత్రం మావారి గొంతు వినిపించాక మేకప్ రూములో కింద కూర్చుండిపోయాను. ఆ ఎపిసోడు ఇప్పటికీ చూడలేదు.

ఈ రోజు నా సెట్లో ఎవరైనా "ఇంటి దగ్గర బాగోలేదు" అంటే రెండో మాట అడగను. సీను మార్చుకుంటాను. అది కుదురుతుంది. కుదరదని చెప్పడం అలవాటు, అంతే.

డబ్బులు బాగా వస్తాయా?

క్యారెక్టర్ ఆర్టిస్టులకి నెలజీతం ఉండదు, పర్ డే ఉంటుంది. పని చేసిన రోజుకే డబ్బు. 2003లో నాకు మొదట ఇచ్చింది రోజుకి 400 రూపాయలు. అనుభవం పెరిగేకొద్దీ పెరిగింది. చేతికి మాత్రం వెంటనే రాదు, రెండు మూడు నెలలు ఆగాలి. ఒక కంపెనీ సీరియల్ మధ్యలో ఆపేసి నాకు ముప్ఫై ఎనిమిది రోజుల డబ్బులు ఎగ్గొట్టింది. అప్పటి నుంచి ప్రతి రోజు చివర్లో మేనేజర్ చేత డైరీలో సంతకం పెట్టించుకున్నాను. మీరూ పెట్టించుకోండి. మొహమాటపడొద్దు.

డైరెక్టర్ ఎలా అయ్యారు? ఎవరైనా పిలిచి ఇచ్చారా?

ఒక భోజనాల బల్ల ఇచ్చింది.

సీరియళ్ళలో అందరికంటే కష్టమైన సీను కొట్లాట కాదు, ఏడుపు కాదు. ఎనిమిదిమంది కూర్చుని అన్నం తింటూ మాట్లాడుకునే సీను. ఎందుకో చెప్తాను. కొడుకు తెర మీద ఎడమ నుంచి కుడికి, తల్లి వైపు చూస్తున్నాడనుకోండి. తల్లిని విడిగా తీసినప్పుడు ఆవిడ కుడి నుంచి ఎడమకి చూడాలి. అప్పుడే ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటున్నట్టు ఉంటుంది. వాళ్ళిద్దరి మధ్య నేల మీద ముగ్గుతో ఒక గీత గీసినట్టు ఊహించుకోండి. కెమెరా ఆ గీతకి ఒకే పక్కన ఉండాలి. గీత దాటి అవతలి నుంచి తీస్తే తల్లి కూడా కొడుకు చూసేవైపే చూస్తున్నట్టు వస్తుంది. ఇద్దరూ కలిసి వీధి గుమ్మంలోకి చూస్తున్నట్టుంటుంది. దీన్నే యాక్సిస్ అంటారు. ఇద్దరి మధ్య ఒకటే గీత. ఎనిమిదిమంది బల్ల చుట్టూ కూర్చుంటే ఎవరు ఎవరితో మాట్లాడితే అక్కడికి గీత మారుతుంది. వడ్డించే ఆవిడ లేచి అటు నుంచి ఇటు నడిస్తే మళ్ళీ మారుతుంది. పైగా అన్నం కంటిన్యుటీ. సీను మొదట్లో నిండుగా ఉన్న విస్తరి చివరికి ఖాళీ కావాలి, మధ్యలో మళ్ళీ నిండకూడదు.

ఆ బల్ల దగ్గర దాదాపు మూడొందల ఎపిసోడ్లు అన్నం వడ్డించాను. 2013లో ఒకరోజు డైరెక్టర్ గారికి జ్వరం. కొత్తగా వచ్చిన అసోసియేట్ ఆ సీను తీస్తున్నారు. మామగారి పాత్ర చూసే దిక్కు తప్పుతోందని నాకు అర్థమైంది. అందరిముందూ చెప్పకుండా నెయ్యి గిన్నె పట్టుకుని వెళ్ళి ఆ కుర్రాడి చెవిలో చెప్పాను. మానిటర్‌లో చూసుకుని గతుక్కుమన్నాడు. "అక్కా, మిగతాది కూడా మీరే చెప్పండి" అన్నాడు. వడ్డించే వేషంలోనే, కొంగు బొడ్లో దోపుకునే, ఆ సీను పూర్తిచేశాం. వారం తర్వాత డైరెక్టర్ గారు ఎడిటింగ్‌లో చూసి, "బల్ల సీన్లన్నీ ఇక ఈవిడకి వదిలెయ్యండి" అన్నారు. ఆయన పెద్దమనసు అది. ఇంకొకరైతే అవమానంగా తీసుకునేవారు.

తర్వాత రెండేళ్ళు వేషం లేని రోజుల్లో ఎడిటింగ్ రూములో కూర్చున్నాను. తీసిన షాట్లలో ఏవి వాడుకుంటున్నారో, ఏవి పారేస్తున్నారో అక్కడ తెలుస్తుంది. మంచి నటన చాలాసార్లు రియాక్షన్ తియ్యనందుకే పోతుంది. 2015లో పూర్తిగా ఒక సీరియల్ చేతికొచ్చింది.

మొదటిరోజు మొదటి షాట్. అమ్మమ్మ పాత్ర వేస్తున్న పెద్దావిడ డైలాగు పూర్తిచేశారు. నేను కట్ చెప్పలేదు. పన్నెండేళ్ళుగా ఆ మాట ఎవరో చెప్తారని ఎదురుచూసిన అలవాటు. ఆవిడ ఆగకుండా అలాగే కూర్చుని, చేతిలో ఉన్న కళ్ళజోడు మడిచి, పక్కన పెట్టి, మళ్ళీ తీసుకున్నారు. రాసిన కాగితంలో అదేమీ లేదు. ఆ ఎపిసోడ్లో అంత బాగున్న క్షణం ఇంకోటి రాలేదు. అప్పటి నుంచి డైలాగు అయిపోయాక పది అంకెలు లెక్కపెట్టుకుని కట్ చెప్తున్నాను. మా యూనిట్లో అందరికీ తెలుసు, ఎవరూ కదలరు.

ఆడవాళ్ళు డైరెక్టర్ అంటే యూనిట్ మాట వింటుందా?

వింటుంది. భానుమతి గారు 1953లోనే సినిమా డైరెక్ట్ చేశారు. విజయనిర్మల గారు 44 సినిమాలు తీసి 2002లో గిన్నిస్ రికార్డుకెక్కారు. ఇద్దరూ నటులుగా వచ్చినవాళ్ళే. దారి వేసినవాళ్ళు వేసేశారు. మాకొచ్చే ఇబ్బంది వేరు: ఔట్‌డోర్ అంటే ఆడవాళ్ళకి బాత్రూమ్ ఉండదు. నేను లొకేషన్ చూడడానికి వెళ్తే ముందు చూసేది అదే, తర్వాతే వెలుగు ఎటు నుంచి వస్తోందన్నది.

కథ అంత సాగదీస్తారెందుకండీ?

సోమవారం నుంచి శనివారం దాకా రోజూ ఒక ఎపిసోడు పడాలి. దాదాపు రోజుకో ఎపిసోడు తియ్యాలి. గురువారం గురువారం రేటింగులు వస్తాయి, ఆ రోజు సెట్లో ఒకటే టెన్షన్. ఏ ట్రాక్, అంటే కథలో ఏ పాయ, బాగా వెళ్తే దాన్ని పొడిగించమంటారు, వెళ్ళనిదాన్ని రెండు రోజుల్లో ముగించమంటారు. కథ చివర ఏమవుతుందో మొదలుపెట్టినప్పుడు రచయితకి కూడా తెలియదు. ఇది తప్పే. దీనిమీద నాకు వేరే సమర్థన లేదు. నా చేతుల్లో ఉన్నది ఒక్కటే: సాగినా సరే, ఆ రోజు తీసిన ఇరవై రెండు నిమిషాల్లో ఒక్క సీనైనా మనుషులు మాట్లాడుకున్నట్టు ఉండాలి.

మీ సీరియల్లో మన వైజాగ్ యాస వినిపిస్తుంది. కావాలనే పెట్టారా?

కావాలనే. ఈ ప్రశ్న ఎవరడిగినా నాకు సంతోషం.

2006లో ఒక సీరియల్లో పనిమనిషి వేషం వేశాను. "మీది అటువైపే కదా, శ్రీకాకుళం యాసలో చెప్పండి, నవ్వొస్తుంది" అన్నారు. చెప్పాను. "ఏటమ్మగారూ, వొచ్చీసినారా, టిఫినీ తినీసినారా" అని లాగి లాగి చెప్పాను. సెట్లో అందరూ నవ్వారు. బాగా పేరొచ్చింది. ఆ పండక్కి ఇంటికొస్తే మా మేనత్త ఏమీ అనలేదు. ఆవిడ మాట్లాడే భాష అది. నాతో మాట్లాడేటప్పుడు 'వచ్చేశావా' అని పుస్తకాల భాష వెతుక్కుంటూ మాట్లాడింది. నా ముందు తన మాటకి తనే సిగ్గుపడింది. అంతకన్నా పెద్ద శిక్ష నాకు ఎవరూ వెయ్యలేదు.

తెలుగులో వాడుక భాష నాటకం ఎక్కిందే ఈ నేల మీద. గురజాడ వారి కన్యాశుల్కం 1892లో విజయనగరంలో ఆడారు. రావిశాస్త్రి గారు విశాఖలో ప్లీడరుగా ఉంటూ ఈ భాషలోనే బీదవాళ్ళ గోడు రాశారు. అలాంటి భాష టీవీలోకి వచ్చేసరికి పనిమనిషికీ, దొంగకీ, తాగుబోతుకీ మిగిలింది. డాక్టరు మాట్లాడదు, లాయరు మాట్లాడదు, హీరోయిన్ అసలే మాట్లాడదు.

డైరెక్టర్ అయ్యాక మొదట హెడ్‌మిస్ట్రెస్ పాత్రకి ఈ యాస పెడతానన్నాను. ఛానల్ వాళ్ళు ఒప్పుకోలేదు, గౌరవం తగ్గుతుందన్నారు. ఆ మాట విని రెండు రోజులు నిద్రపట్టలేదు. చివరికి ఇంటి పెద్దగా ఉండే నాయనమ్మ పాత్రకి ఒప్పించాను. ఆస్తి కాగితాలు ఆవిడ పెట్టెలో ఉంటాయి, ఇంట్లో చివరి మాట ఆవిడదే. ఆవిడ "ఏటీ, ఎల్లిపోతావా? ఎల్లు" అంటే కొడుకులు కిక్కురుమనకూడదు. డైలాగులు రాసే అబ్బాయిది నరసన్నపేట. యాస అంటే చివర్లో సాగదియ్యడం కాదు, దానికి వ్యాకరణం ఉంది, ఆ లెక్క తప్పకుండా రాస్తాడు. ఎవరూ నవ్వలేదు. ఆరునెలల తర్వాత ఛానల్ వాళ్ళే ఆ పాత్రని పెంచమన్నారు. మా మేనత్త ఆ నాయనమ్మని చూసింది. ఫోన్ చేసి, "ఆవిడ బాగా మాట్టాడతందే" అంది.

ఇంత అందమైన ఊరు కదా, సీరియళ్ళు వైజాగ్‌లో తియ్యరెందుకు?

సినిమాలు తీస్తారు. ఋషికొండ దగ్గర కొండ మీద రామానాయుడు స్టూడియో ఉంది, భీమిలి ఉంది, అరకు ఉంది. సీరియల్‌కి కావలసింది అందం కాదు, ఏళ్ళ తరబడి ఒకే ఇల్లు, పక్కనే ఆర్టిస్టులు, రోజూ అద్దెకి దొరికే లైట్లు. అవన్నీ హైదరాబాద్‌లో ఉన్నాయి. సముద్రం దగ్గర డైలాగ్ సీను తీస్తే గాలి, అలల హోరు మాటని మింగేస్తాయి. మళ్ళీ మొత్తం డబ్బింగ్ చెప్పుకోవాలి.

ఇంకో విషయం ఉంది. 1992 ఆగస్టు 12న గొల్లపూడి శ్రీనివాస్ గారు తన మొదటి సినిమా తీస్తూ ఇక్కడి సముద్రంలో ప్రాణాలు కోల్పోయారు. నాకప్పుడు పద్దెనిమిదేళ్ళు. ఊరంతా అదే మాట. తండ్రి మారుతీరావు గారు మా విజయనగరం మనిషి, రేడియోలో ఉద్యోగం చేసినవారు, నలభై దాటాక తెర మీదికొచ్చి అందరికీ తెలిసిన క్యారెక్టర్ ఆర్టిస్టు అయ్యారు. కొడుకు సగంలో వదిలిన సినిమాని ఆయనే డైరెక్ట్ చేసి పూర్తిచేశారు. తర్వాత ఆ అబ్బాయి పేరు మీద, తొలి సినిమా తీసిన దర్శకులకి జాతీయ పురస్కారం పెట్టారు. నటుడు దర్శకుడు కావడం గురించి ఎవరు మాట్లాడినా నాకు మొదట ఆయన గుర్తొస్తారు. సముద్రం దగ్గర షూటింగ్ పెడితే నేను ఎవర్నీ అలల వైపు వీపు పెట్టి నిలబడనివ్వను. షాట్ ఎంత బాగున్నా సరే. జాలరిపేట నుంచి ఇద్దరు ఈతగాళ్ళని పిలిపించుకున్నాకే కెమెరా దింపుతాం.

మా పాప బాగా డాన్స్ చేస్తుంది. సీరియల్లో వెయ్యొచ్చా?

పాపకి ఇష్టమేనా అని ముందు పాపని అడగండి. తర్వాత చట్టం ఏం చెప్తోందో తెలుసుకోండి. 2017 నాటి బాలకార్మిక నియమాల ప్రకారం షూటింగ్ జరిగే జిల్లా కలెక్టరు అనుమతి నిర్మాత తీసుకోవాలి. పిల్లల చేత రోజుకి 5 గంటలు మించి పని చేయించకూడదు, అందులోనూ విశ్రాంతి లేకుండా 3 గంటలు దాటకూడదు. వరసగా 27 రోజులు మించకూడదు. వచ్చే డబ్బులో కనీసం 20 శాతం పిల్లల పేరుతో బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వెయ్యాలి. చదువు ఆగకూడదు. ఇవన్నీ మీరే గట్టిగా అడగండి. అడిగితే వేషం పోతుందని భయపడే చోట పాపని ఉంచకండి.

ఆడిషన్‌కి ముందు డబ్బు కట్టమంటున్నారు. కట్టాలా?

వద్దు. వేషం వేస్తే మనకి వాళ్ళు ఇవ్వాలి. రిజిస్ట్రేషన్ అన్నా, పోర్ట్‌ఫోలియో అన్నా, కార్డు అన్నా కట్టొద్దు.

ఏదైనా కోర్సు చెయ్యాలా?

చెయ్యగలిగితే మంచిది. మన ఆంధ్రా యూనివర్సిటీలోనే థియేటర్ ఆర్ట్స్ విభాగం ఉంది. ఢిల్లీలో నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా, పుణేలో ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఉన్నాయి. పుణేలో టీవీ డైరెక్షన్‌కి కోర్సు కూడా ఉంది. నాకు ఆ అవకాశం రాలేదు, ఆ లోటు నాకు తెలుస్తూనే ఉంటుంది. లెన్సుల గురించి నేను నాలుగేళ్ళలో నేర్చుకున్నది అక్కడ నాలుగు వారాల్లో చెప్తారేమో. కోర్సు కుదరనివాళ్ళు కళాభారతిలో, గురజాడ కళాక్షేత్రంలో నాటకాలు వేసినప్పుడల్లా వెళ్ళండి. డైలాగు చెప్పేవాళ్ళని కాదు, చెప్పనివాళ్ళని చూడండి.

టీవీలో చిన్న వేషాలు వేసేవాళ్ళకి డైరెక్షన్ ఎవరిస్తారండీ?

ఇవ్వరు, చాలాకాలం ఇవ్వరు. కానీ వేణు యెల్దండి గారిని చూడండి. టీవీ కామెడీ షోలో స్కిట్లు చేసిన మనిషి. 2023లో బలగం తీశారు. ఒక పల్లెలో చావింటి చుట్టూ తిరిగే కథ, పూర్తిగా తెలంగాణ మాటలో. ఊళ్ళలో తెర కట్టుకుని అందరూ కలిసి చూశారు. పక్కన నిలబడినవాళ్ళు ఎంత చూసి పెట్టుకుంటారో ఆ సినిమా చూస్తే తెలుస్తుంది. నాకు అలాంటి కథ ఒకటి రాసుకోవాలని ఉంది. వన్ టౌన్‌లో ఒక పోర్టు గుమాస్తా ఇల్లు. నలభై పేజీలు అయ్యాయి.

మళ్ళీ నటిస్తారా?

నటిస్తాను. డైరెక్షన్ చేస్తూ కూడా ఏడాదికి రెండు మూడు వేషాలు వేస్తాను, వేరేవాళ్ళ సెట్లో. అక్కడ నోరెత్తను. డైరెక్టర్ ఎంత చిన్నవాళ్ళైనా, వాళ్ళు చెప్పిన చోటే నిలబడతాను.

మిమ్మల్ని కలవాలంటే?

2020 మార్చిలో లాక్‌డౌన్‌కి షూటింగులన్నీ ఆగిపోయి ఇంటికొచ్చినప్పుడు మా వీధి పిల్లలకి మేడమీద నాటకం పాఠాలు మొదలుపెట్టాను. ఇప్పటికీ నడుస్తున్నాయి. నేను ఊళ్ళో ఉన్న ఆదివారం పొద్దున్న పది నుంచి ఒంటిగంట దాకా. ఫీజు లేదు. ఫొటోల ఆల్బం తేవద్దు. మీ ఇంట్లోనో, బస్సులోనో, రైతుబజారులోనో ఇద్దరు మాట్లాడుకుంటుంటే విని, విన్నది విన్నట్టు ఒక పేజీ రాసుకుని రండి. ఎవరి యాస వాళ్ళదిగా ఉండాలి, దిద్దొద్దు. ఆ పేజీలో మీరు మొదట వేసేది మాట్లాడని మనిషి వేషం. రెండోవారం నుంచి డైలాగు. చెప్పులు మెట్ల దగ్గర విడవండి. మా అత్తగారు కింద గదిలో పదకొండు దాకా పడుకుని ఉంటారు.